దెబ్బతో ఆడే ఆనవాయితీ

గాయపడిన కుర్రవాడిని ఆడించాలా, కూర్చోబెట్టాలా అన్న ప్రశ్నను సాధారణంగా ఆటగాడి తెగువకో, శిక్షకుడి స్వభావానికో ముడిపెట్టి చూస్తారు. తెలుగు నేల మీద గత డెబ్బై ఏళ్ల క్రీడాచరిత్రను పరిశీలిస్తే మాత్రం, ఆట నిబంధనలు ఏం అనుమతించాయి, జట్టులో అతని బదులు దిగేవాడు ఉన్నాడా, అతను కూర్చున్నన్నాళ్లూ ఇల్లు ఎలా గడిచింది అన్న మూడు సంగతులే ఆ ప్రశ్నకు ఎక్కువసార్లు జవాబు చెప్పాయని తేలుతుంది. దెబ్బతో ఆడటం మొదట గత్యంతరం లేక చేసిన పని. కాలక్రమంలో అది ఘనతగా పేరు తెచ్చుకుంది. గత్యంతరం దొరికిన తరువాత కూడా ఆ ఘనత చెదరలేదు. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కబడ్డీ బరుల్లో నేటికీ కనిపించే ఈ ఆనవాయితీకి మూలాలు వెదకాలంటే హైదరాబాద్ ఫుట్‌బాల్ దగ్గర మొదలుపెట్టాలి.

ఫుట్‌బాల్‌లో ఆట మధ్యలో ఒకరి స్థానంలో మరొకరిని దింపడం ఈనాడు మామూలు విషయమే గానీ, ప్రపంచకప్‌లో అందుకు మొదటిసారి అనుమతి దొరికింది 1970లో, మెక్సికోలో. ఇంగ్లండ్ లీగ్ సైతం 1965 వరకు దానికి ఒప్పుకోలేదు. ఆ ఏడాది ఒప్పుకున్నప్పుడు కూడా గాయమైతేనే, అదీ ఒక్కరినే మార్చుకోవచ్చని షరతు పెట్టింది. అంతకు ముందు కాలు మడతపడిన ఆటగాడి ముందు రెండే దారులు ఉండేవి: మైదానం విడిచి తన జట్టును పది మందితో మిగల్చడం, లేదా కుంటుతూ ఏదో ఒక అంచున నిలబడి ప్రత్యర్థి జట్టులో ఒక మనిషినైనా తన కాపలాకు కట్టిపడేయడం. ఆత్మగౌరవం ఉన్న ఏ ఆటగాడూ మొదటి దారి ఎంచుకునేవాడు కాదు. అలా నిబంధన పెట్టిన నిర్బంధం ఆటగాడి గుణంగా లెక్కకు వచ్చింది.

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును, భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నిర్బంధాల మధ్యనే పనిచేశారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఆయన, ఆటగాడి శరీరాన్ని కూడా నేర్పవలసిన పాఠంలో భాగంగా చూశారు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టడం, బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ పోవడాన్ని నిషేధించి పోటీలు పెట్టడం ఆయన పద్ధతులు. ఒకే కాలి మీద ఆధారపడే ఆటగాడు ఆ కాలికి దెబ్బ తగిలిన నాడు సగం మనిషి అవుతాడు గనుక, ఈ శిక్షణ నైపుణ్యంతో పాటు ముందుజాగ్రత్తను కూడా నేర్పిందనే చెప్పాలి. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీసు జట్టుకు మరో బలం ఉండేది. అందులో ఆడేవారు పోలీసు ఉద్యోగులు. ఆడినా ఆడకపోయినా నెల జీతం అందేది. ఆ జట్టు చరిత్ర రాసేవారు రహీం వ్యూహాలను వర్ణించినంతగా ఈ జీతం సంగతిని పట్టించుకోరు గానీ, గాయపడిన మనిషికి నిశ్చింతగా కూర్చునే హక్కు ఇచ్చింది అదే.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీం తీసుకున్న నిర్ణయాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓడిన భారత జట్టు థాయ్‌లాండ్‌పై 4–1తో గెలిచింది గానీ, ఆ మ్యాచ్‌లో రక్షణ వరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌తో మ్యాచ్‌లో రహీం అతన్ని కూర్చోబెట్టారు. దక్షిణ వియత్నాంతో సెమీఫైనల్‌కు మాత్రం తిరిగి తీసుకున్నారు. అయితే అతని పాత చోటుకు కాదు. గోల్ ముందు కాపలా కాసే ఆటగాడు ఎత్తుగా వచ్చే ప్రతి బంతినీ తలతో కొట్టి బయటికి పంపాలి, ఎదురుగా దూసుకొచ్చేవాడితో గాలిలో ఢీకొనాలి. కుట్లు పచ్చిగా ఉన్న తలతో ఆ పని చేయించడం ప్రమాదమని గ్రహించిన రహీం, కళాశాల రోజుల్లో ముందు వరుసలో ఆడిన అనుభవం ఉన్న జర్నైల్‌ను సెంటర్ ఫార్వర్డ్‌గా నిలిపారు. ఆ మ్యాచ్‌లో అతను ఒక గోల్ కొట్టగా భారత్ 3–2తో నెగ్గింది. సెప్టెంబర్ 4న, ఇజ్రాయెల్, తైవాన్‌ల మినహాయింపుపై రేగిన వివాదంతో భారతీయుల మీద కోపంగా ఉన్న లక్షమంది ప్రేక్షకుల గోల మధ్య జరిగిన ఫైనల్‌లో, 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోల్ చేసి దక్షిణ కొరియాను 2–1తో ఓడించారు. త్రిలోక్ సింగ్ కాలి గాయంతోనే ఆ మ్యాచ్ ఆడాడు.

ఈ విజయం ఒక పాఠాన్ని నేర్పిందని అప్పటి నుంచి చెప్పుకుంటూ వస్తున్నారు. కానీ సాధారణంగా చెప్పుకునే పాఠం సరైనది కాదు. తలకు కట్టుతో ఆడి గెలిచాడన్నదే జనం గుర్తుంచుకున్నారు. అతన్ని ముందుగా ఒక మ్యాచ్‌కు దూరంగా ఉంచారన్నది, తిరిగి దింపినప్పుడు గాయానికి తగినట్టు చోటు మార్చారన్నది మరిచిపోయారు. రహీం నిర్ణయంలో గొప్పదనమంతా ఈ రెండో భాగంలోనే ఉంది. అయినా నేటి వైద్య పరిజ్ఞానం వెలుగులో చూస్తే, తలకు దెబ్బ తగిలినవాణ్ణి వారం తిరక్కుండా ఆడించడాన్ని సమర్థించలేం. తలలోని మెదడు అదిరితే, అంటే వైద్యులు కంకషన్ అనే స్థితి ఏర్పడితే, పైకి ఏ గాయమూ కనిపించకపోయినా రెండో దెబ్బ ప్రాణాంతకం కావచ్చని ఆనాడు శిక్షకులకు తెలియదు. అదే 1962లో, చిలీ ప్రపంచకప్‌లో, 21 ఏళ్ల పెలే చెకోస్లొవేకియాతో ఆడుతూ తొడ కండరం దెబ్బతిన్నాక, మార్చుకునే వీలు లేక మ్యాచ్ ముగిసేదాకా ఒక అంచున నడుస్తూ గడిపాడు. బ్రెజిల్ ఆ తరువాత అతన్ని ఆడించలేదు. అమరిల్డోతో ఆ ఖాళీ నింపి కప్పు గెలిచింది. ఆ కుర్రవాడికి విశ్రాంతి దొరకడానికి కారణం అతని స్థానంలో దిగగల అమరిల్డో ఉండటమే.

జకార్తా జట్టులోనే సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపై గోల్ కొట్టిన ఈ ఫార్వర్డ్ ఆటజీవితం, ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చే ప్లూరిసీ అనే జబ్బు వల్ల 1963లోనే, ముప్పై నిండకుండానే ముగిసింది. విశ్రాంతి ఇవ్వాలా వద్దా అన్న ఎంపికే లేకుండా శరీరం ఆటను ఆపేసిన సందర్భమది. ఆ ఏడాది జూన్‌లోనే రహీం క్యాన్సర్‌తో మరణించారు.

తరువాతి మూడు దశాబ్దాల్లో శస్త్రచికిత్స పురోగమించడంతో ప్రశ్న స్వరూపమే మారింది. 1994లో పుణె జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా పుల్లెల గోపీచంద్ మోకాలి లిగమెంట్ తెగింది. తొడ ఎముకను, కాలి ఎముకను కలిపి పట్టి ఉంచే ఈ గట్టి నార లేకుంటే మనిషి తిన్నగా నడవగలడు గానీ, పరుగు మధ్య ఒక్కసారిగా దిశ మార్చలేడు. బ్యాడ్మింటన్ అంటేనే క్షణక్షణానికి దిశ మార్చడం. అప్పటికి ఇరవై ఏళ్ల వాడు. ఆపరేషన్లు, కండరాలు బలం పుంజుకోవడానికి నెలల తరబడి చేసిన సాధన తరువాత 1996 నుంచి 2000 వరకు వరుసగా జాతీయ టైటిళ్లు గెలిచి, 2001 మార్చిలో చెన్ హాంగ్‌ను ఓడించి ఆల్ ఇంగ్లండ్ విజేత అయ్యాడు. అతని శిష్యురాలు పి.వి. సింధు 2022 బర్మింగ్‌హాం కామన్వెల్త్ క్రీడల్లో ఎడమ కాలి నొప్పిని భరిస్తూ ఫైనల్ ఆడి స్వర్ణం గెలిచింది; ఆ కాలి ఎముకలో సన్నని పగులు ఉన్నట్టు తేలడంతో అదే నెలలో జరిగిన ప్రపంచ పోటీలకు దూరమై, 2023 జనవరిలో గానీ తిరిగి రాలేదు. పతకం కోసం ఒక్క మ్యాచ్ ఆడటం, ఆ మ్యాచ్ ఖరీదుగా నెలలు చెల్లించడం, రెండూ ఆమె విషయంలో స్పష్టంగా కనిపిస్తాయి.

ఆ చెల్లింపు నెలలతో ముగియని ఉదాహరణ అమెరికాలో ఉంది. అక్కడి ఫుట్‌బాల్‌లో దాడిని నడిపి బంతిని విసిరే ఆటగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. జట్టు ఆటంతా అతని చేతి మీదుగా సాగుతుంది. వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్ 22 ఏళ్ల వయసులో, 2012 డిసెంబర్‌లో మోకాలికి దెబ్బ తగిలి ఒక మ్యాచ్ మాత్రమే విశ్రాంతి తీసుకున్నాడు. 2013 జనవరి 6న సియాటిల్‌తో నాకౌట్ మ్యాచ్‌లో అతను కుంటుతున్నట్టు మైదానంలోని వారందరికీ కనిపిస్తున్నా శిక్షకుడు మైక్ షనహాన్ బయటికి పిలవలేదు, అతనూ తనంతట రాలేదు. చివరి పావుభాగంలో తన వైపు సరిగా రాని బంతి కోసం వంగినప్పుడు ఆ మోకాలు పక్కకు విరుచుకుపోయింది. ఆపరేషన్ జరిగింది గానీ, మొదటి ఏడాది చూపిన వేగం మళ్లీ రాలేదు. ఇక్కడ బదులు ఆటగాడు బెంచీ మీద సిద్ధంగా ఉన్నాడు, నిబంధన అడ్డు రాలేదు, డబ్బుకు కొదవ లేదు. మిగిలింది ఆనవాయితీ ఒక్కటే.

క్రికెట్‌లోనూ ఈ ధోరణి తెలుగు ఆటగాళ్ల ద్వారానే బాగా వెల్లడైంది. 2010 అక్టోబర్‌లో మొహాలీలో నడుము పట్టేసిన వి.వి.ఎస్. లక్ష్మణ్, తన బదులు పరుగెత్తడానికి సురేశ్ రైనాను రన్నర్‌గా పెట్టుకుని అజేయంగా 73 పరుగులు చేసి ఆస్ట్రేలియాపై ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ క్రికెట్ మండలి రన్నర్ సదుపాయాన్ని తొలగించింది. అందువల్ల 2021 జనవరిలో సిడ్నీలో తొడ వెనుక కండరం చిట్లిన హనుమ విహారి, సరిగా పరుగెత్తలేకపోయినా 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలిచి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్‌ను డ్రా చేయించాడు. బ్రిస్బేన్ టెస్టుకు మాత్రం దూరమయ్యాడు. 2023లో ఇందోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్‌ఫైనల్‌లో ఎడమ మణికట్టు విరిగినా, ఆంధ్ర జట్టు కోసం అతను ఎడమచేతి వాటంగా నిలబడి ఒంటిచేత్తో బ్యాటు పట్టాడు. ఆ మ్యాచ్‌లో ఆంధ్ర ఓడిపోయింది. అతని తెగువను తక్కువ చేయలేం. ఆ దృశ్యం చూసి పెరిగే కుర్రవాడు ఏం నేర్చుకుంటాడన్నది మాత్రం వేరే సంగతి.

ఆ కుర్రవాడు జనగామ ప్రాంతంలోనో, మానుకోటగా జనం పిలుచుకునే మహబూబాబాద్ ప్రాంతంలోనో కబడ్డీ ఆడేవాడైతే అతని పరిస్థితి మరింత కఠినం. కబడ్డీలో ఏడుగురు ఆడుతుంటే మరో ఐదుగురిని మార్చుకోవడానికి నిబంధనలు అనుమతిస్తాయి. పండగలకు జరిగే ఊరి పోటీల్లో ఆ ఐదుగురు దొరకడమే కష్టం. కూతకు వెళ్లినవాడి చీలమండను ఒకడు పట్టుకుంటే, మరొకడు నడుము మీద పడితే, అతను గీత అందుకోవడానికి మొండెం మొత్తాన్ని ముందుకు విసురుతాడు. పాదం మట్టిలో నాటుకుపోయి మోకాలు మెలి తిరిగేది అప్పుడే. ఎముక విరిగితే ఊళ్లో అందరికీ అర్థమవుతుంది. పుత్తూరు కట్టు పేరుతో తెలుగు పట్టణాలన్నిటా విస్తరించిన సంప్రదాయ ఎముకల వైద్యం పుణ్యమా అని, వెదురు బద్దల కట్టు పడినవాడు కదలకూడదన్నది తరతరాలుగా ఒప్పుకున్న నియమం. కట్టే అతనికి సెలవు చీటీ. బెణుకుకు ఆ గౌరవం లేదు. పసుపు, సున్నం కలిపి పట్టు వేసి, గుడ్డ చుట్టి, మర్నాడు బరిలోకి దింపుతారు. లోపల తెగింది లిగమెంటే అయితే ఆ పట్టు వాపును తగ్గించి కీడును దాచిపెడుతుంది. పదహారు పదిహేడేళ్ల వాడికైతే ఎముకల కొసల్లో పెరుగుదలకు ఆధారమైన మెత్తని పొర ఇంకా గట్టిపడి ఉండదు గనుక, అక్కడ తగిలిన దెబ్బ కాలి పొడవునే మార్చవచ్చు. జిల్లా జట్టు ఎంపిక, దాని వెనుక సర్టిఫికెట్, దాని వెనుక క్రీడా కోటాలో ఉద్యోగం మీద ఆశ ఉన్నప్పుడు, నొప్పి ఉందని ఆ పిల్లవాడు తానుగా చెప్పడని అనుకోవడమే సబబు.

భూపాలపల్లి ఈ విషయంలో ఒక మార్గం చూపుతుంది. సింగరేణి సంస్థ కాకతీయ ఖని గనుల్లో గాయపడిన కార్మికుడు, వైద్యుడు ఫిట్ అని రాసిచ్చేదాకా మళ్లీ గనిలోకి దిగడు. దిగలేనివాణ్ణి పైన తేలిక పనికి మార్చే పద్ధతి ఉంది. పనికి దూరమైన కాలానికి పరిహారం చెల్లించాలని 1923 నాటి చట్టమే నిర్దేశించింది. గనిలో ఈ ఏర్పాటు ఎవరి దయవల్లా రాలేదు, కార్మికులు పోరాడి నిలబెట్టుకున్నారు. అందులోని మూడు అంశాలు, అంటే ఆపే అధికారం జట్టుతో సంబంధం లేని మనిషి చేతిలో ఉండటం, విశ్రాంతి కాలానికి ఖర్చు మరొకరు భరించడం, తిరిగి వచ్చేవాడికి చోటు భద్రంగా ఉండటం, ఆటకు కూడా అచ్చంగా వర్తిస్తాయి. తలకు దెబ్బ తగిలినవాడి బదులు మరొకరిని దింపే నియమాన్ని క్రికెట్ 2019లో తెచ్చుకుంది. తండ్రి ఆ గనుల్లో ఫిట్ చీటీ లేకుండా దిగని ఇంటి నుంచే కొడుకు వాచిన మోకాలితో జిల్లా ఎంపికలకు బయలుదేరుతున్నాడు. ఎంపిక రోజున వైద్యుడొకరు బరి పక్కన ఉండాలని, ఆయన ఆపినవాడికి తరువాతి ఏడాది ఎంపికలో అవకాశం తప్పనిసరిగా ఇవ్వాలని నియమం పెట్టడానికి జిల్లా సంఘాలకు పెద్ద నిధులేమీ అక్కర్లేదు.