భద్రాచలం సరిహద్దు ఎవరి చేతిలో ఉంది?

భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. దాన్ని ఆనుకొని ఉన్న పురుషోత్తపట్నం, అక్కడి రాములవారి మాన్యం భూములు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. దీన్ని రెండు తెలుగు రాష్ట్రాల తగాదాగా చెప్పుకోవడం అలవాటైపోయింది. కానీ ఒక ప్రాంతం ఏ ప్రభుత్వం కిందికి రావాలో తేల్చేది ఢిల్లీ. అలా తేల్చేటప్పుడు అక్కడ తరతరాలుగా బతుకుతున్న కోయలను, కొండరెడ్లను అడిగే పద్ధతి మన రాజ్యాంగంలో లేదు. నా దృష్టిలో అసలు లోపం అదే.

భద్రాచలం ఉన్న ఈ గట్టున సరిహద్దును రెండుసార్లు జరిపింది గోదావరి కోసమే. 1860 ఒప్పందంలో నిజాం నుంచి ఎడమ గట్టును బ్రిటిష్ వారు తీసుకున్నారు. ఎగువ గోదావరిలో పడవలు నడపాలన్న పథకం అప్పుడు జోరు మీద ఉండేది. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ పథకంలో కట్టిందే. తర్వాత ఆ పథకం మూలపడింది. 1874లో భద్రాచలం సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి మారింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1959లో తూర్పు గోదావరిని వదిలి ఖమ్మం జిల్లాలో చేరింది. ఇన్ని చేతులు మారినా నిలిచింది ఏజెన్సీ హోదా ఒక్కటే. గిరిజనుల భూమి బయటివారి పాలు కాకుండా 1917లో మద్రాసులో మొదలైన రక్షణ, ఐదో షెడ్యూలు అండతో 1/70 చట్టంగా బలపడి, నేడు రెండు రాష్ట్రాల్లోనూ అమలులో ఉంది. కేంద్రం అధికారమంటే ఇక్కడివారికి ముంపు మాత్రమే కాదు, ఈ కాపు కూడా.

2014లో రాష్ట్ర విభజన వేళ మళ్లీ నదే కారణమైంది. గోదావరిపై పోలవరం ఆనకట్టను జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించిన పార్లమెంటు, దాని ముంపు ప్రాంతం ఒకే రాష్ట్రంలో ఉండాలనుకుంది. మే 29న ఆర్డినెన్స్ వచ్చింది, జూలైలో చట్టమైంది. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడులో కొంత, పట్టణం మినహా భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఆర్డినెన్స్ నాటికి తెలంగాణ శాసనసభ కొలువుదీరనే లేదు. ఉమ్మడి రాష్ట్రం రాష్ట్రపతి పాలనలో ఉంది. సరిహద్దు మార్చేటప్పుడు రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, సమ్మతి అక్కర్లేదని బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. ఆర్డినెన్స్ వేళ అడగడానికి ఎదుట సభే లేకపోయింది.

సమ్మతి తప్పనిసరి చేస్తే ఏ కొత్త రాష్ట్రమూ పుట్టదని కొందరంటారు. నిజమే. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. ఆ తిరస్కారమే చెల్లి ఉంటే తెలంగాణ వచ్చేది కాదు. అందుకే నేను కోరేది అడ్డుకునే హక్కు కాదు, ముందుగా అడగాలన్న బాధ్యత. ముంపు, పునరావాసం ఒకే ప్రభుత్వం చూడాలన్న వాదనలోనూ బలం ఉంది. కానీ ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు ముంపుకు శబరి, సీలేరు కరకట్టల మార్గం బచావత్ ట్రిబ్యునల్ 1980 తీర్పులోనే ఉంది. అక్కడి సరిహద్దు జరగలేదు. ఖమ్మం ఏజెన్సీకి మాత్రమే ఆ పద్ధతి ఎందుకు పనికిరాలేదో ఇక్కడివారికి ఎవరైనా వివరించాలి కదా.

1996 నాటి పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టు కోసం భూమి తీసుకోవాలంటే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి. మండలాలకు మండలాలనే మరో రాష్ట్రానికి మార్చాలంటే అలాంటి నియమం లేదు. ఈ తేడాకు నాకు ఏ న్యాయమూ కనిపించదు. ముందుగా అడగాలన్న బాధ్యత రాష్ట్రాలకూ వర్తిస్తుంది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు చింతూరు, కూనవరాలకు జిల్లా కేంద్రం దూరాన ఉన్న పాడేరు అయింది. ఇప్పుడు ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను తిరిగి ఇవ్వాలని తెలంగాణ కోరుతోంది. అందుకూ పార్లమెంటే చట్టం చేయాలి. ఆ బిల్లు రాసేముందు ఈ ఐదు పంచాయతీల్లో గ్రామసభలు జరిపి, వాటి తీర్మానాలను బిల్లుతో పాటు సభ ముందు పెట్టాలి.