ఫోటో వెనక రాయని పేర్లు

కెనడా రాజధాని ఒట్టావాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉత్తర ధ్రువ ప్రాంతపు ఫోటోలు వేలకు వేలు ఉన్నాయి. పోలీసులు, ప్రభుత్వోద్యోగులు, పత్రికల ఫోటోగ్రాఫర్లు తీసినవి. వాటికి చాలావరకు ఊరు రాశారు, ఏడాది రాశారు, తీసినవారి పేరూ రాశారు. ఫోటోలో ఉన్న మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘ఎస్కిమో స్త్రీ’ అని రాసి ఊరుకున్నారు. ఆ మనుషుల పేర్లు కనుక్కునే పని 2001-02లో మొదలైంది. దాని పేరు ప్రాజెక్ట్ నేమింగ్.

అసలు పేర్లెందుకు రాయలేదు? పలకడం కష్టమనీ, ఆ ప్రాంతపు ఆదివాసులైన ఇనూయిట్లకు ఇంటిపేరు లేదనీ అధికారుల విసుగు. 1941 తర్వాత ప్రభుత్వం మనిషికో బిళ్ల ఇచ్చింది. నాణెమంత గుండ్రటి బిళ్ల. ఒక వైపు కిరీటం గుర్తు, రెండో వైపు నంబరు, తాడు కట్టి మెడలో వేసుకోవడానికి చిన్న రంధ్రం. నంబరు ముందు తూర్పు వారికి ‘ఈ’, పడమటి వారికి ‘డబ్ల్యూ’. సర్కారు కాగితాల్లో మనిషి ఆ నంబరే. లూసీ ఇడ్‌లౌట్ అనే ఇనూయిట్ గాయని తన ఆల్బమ్‌కు పెట్టిన పేరు ‘ఈ5-770, మా అమ్మ పేరు’. ఆ ఒక్క ముక్క చాలు, ఆ బిళ్ల ఎంత బరువో తెలియడానికి. 1968లో ఏబ్ ఓక్పిక్ అనే ఇనూయిట్ నాయకుడు ఊరూరా తిరిగి, ప్రతి కుటుంబాన్నీ నచ్చిన ఇంటిపేరు ఎంచుకోమని అడిగాడు. 1971 నాటికి ఆ పని పూర్తయింది. ఫోటోల సంగతి మాత్రం అప్పుడెవరికీ తట్టలేదు. తట్టి ఉంటే ఇంకెంతమందిని గుర్తుపట్టేవారో!

ఇనూయిట్లకు పేరంటే చుట్టరికం. పోయినవారి పేరు పుట్టిన బిడ్డకు పెడతారు, ఆడ మగ తేడా చూడరు. ఆ పేరుతో పాటు వరస కూడా బిడ్డకు వస్తుంది. నాయనమ్మ పేరు పెట్టుకున్న కూతుర్ని ‘అమ్మా’ అని పిలిచే తండ్రులున్న మన ఇళ్లలో ఇది వేరే చెప్పక్కర్లేదు. అంటే ఫోటోలోని మనిషి పేరు ఇవాళ ఇంకెవరో మోస్తుండవచ్చు. దాన్ని ఏ రిజిస్టరూ చెప్పలేదు, తెలిసిన మనిషే చెప్పాలి.

ఒట్టావాలో ‘నునావుట్ సివునిక్సావుట్’ అనే చిన్న కాలేజీ ఉంది. 1985లో పెట్టారు. ఇనూయిట్ యువత తమ చరిత్రనూ, భూమి హక్కుల ఒప్పందాలనూ అక్కడ చదువుకుంటారు. ఫోటోలను ఊళ్లకే తీసుకుపోదామన్న ఆలోచన అక్కడి అధ్యాపకుడు మర్రే ఆంగస్‌ది. ఆర్కైవ్స్, ఇనూయిట్ల ప్రాంతమైన నునావుట్ ప్రభుత్వం చేయి కలిపాయి. ఫోటోగ్రాఫర్ రిచర్డ్ హారింగ్టన్ 1948-53 మధ్య తీసిన ఫోటోలు సుమారు 500 స్కాన్ చేసి సీడీల్లోకి ఎక్కించారు. సెలవులకు ఇళ్లకు వెళ్లే విద్యార్థులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుపోయి పెద్దల పక్కన కూర్చున్నారు. ఒక్కో ముఖాన్నే తెర మీద చూపిస్తూ, వాళ్లు చెప్పిన పేరు రాసుకున్నారు. అలా నూటికి డెబ్బై అయిదు మందిదాకా గుర్తుపట్టారు.

ఆ ఫోటోల్లో పాడ్లీ అనే చోట తీసినవి చూడటం కష్టం. 1950 చలికాలంలో కారిబూ జింకలు అటు రాలేదు. జింకే తిండి, జింక తోలే బట్ట అయిన జనానికి కరవు వచ్చింది. హారింగ్టన్ కుక్కల బండి మీద వెళ్లి, ఆకలితో చిక్కిపోయిన మనుషుల్ని ఫోటో తీశాడు. బయటి ప్రపంచానికి అవి కరవు బొమ్మలు. పేరు తెలిశాక అదే ముఖం ఎవరికో అమ్మమ్మ, ఎవరికో బాబాయి.

నాకు ఈ పనిలో అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ పక్కపక్కన కూర్చోవడమే. ఇనూయిట్లను వేట బతుకు నుంచి కట్టుడు ఊళ్లలోకి మార్చి, పిల్లల్ని దూరపు హాస్టల్ బళ్లలో వేసి, రెండు తరాల మధ్య భాషనే తెంచేశారు. తాతను ఏమడగాలో మనవడికి తెలియని స్థితి. ఫోటో ఆ ఇబ్బంది తీర్చింది. ‘ఈమె ఎవరు?’ అని అడిగితే చాలు, ఆమె ఎవరి కోడలో, ఎక్కడ డేరా వేసేవారో, ఆ ఏడు వేట ఎలా ఉండేదో కూడా వచ్చేది.

2015లో ఈ పనిని కెనడాలోని ఇతర ఆదివాసులకూ విస్తరించారు. ఇంకా పేరు తెలియని ముఖాలు బోలెడు. 1920ల నాటి ఫోటోలకు సాక్షులు దాదాపు లేరు. 1950లో తల్లి వీపున, తోలు కోటు టోపీలో కూర్చున్న పసివాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఇకపై పేర్లు అడగాల్సింది వాళ్లనే.