పాత లారీ స్టార్ట్ కాకపోతే ముందే పంపు విప్పొద్దు – డీజిల్ ఇంజన్ కథ తెలిస్తే దారి తెలుస్తుంది



టమోటా సీజన్ వచ్చిందంటే మన పల్లెల్లో పాత లారీలకు మళ్ళీ పని పడుతుంది. ఇరవై, ముప్పై ఏళ్ళ బండ్లు. ఏడాదిలో సగం రోజులు చింతచెట్టు కింద నిలబడి ఉంటాయి, సరిగ్గా లోడు ఎత్తిన రాత్రే మొరాయిస్తాయి. తెల్లారేసరికి మదనపల్లి మార్కెట్లో ఉండాల్సిన సరుకు మధ్యాహ్నానికి చేరితే రేటు ఎట్లుంటుందో మీకు చెప్పే పని లేదు. దానికి తోడు వచ్చిన మెకానిక్ మొదటి మాటే "పంపు విప్పాలన్నా" అంటాడు. విప్పితే ఖర్చు వేలల్లో.

ఈ ఇంజన్ ఎట్లా పుట్టిందో తెలుసుకుంటే, ఎక్కడ ముందు వెతకాలో మనకే అర్థమవుతుంది. డీజిల్ ఇంజన్‌కు కావాల్సినవి నాలుగే. లోపలికి గాలి, ఆ గాలిని నొక్కే బిగువు, సరైన క్షణానికి డీజిల్, మొదట తిప్పడానికి బలం. ఈ నాలుగూ ఒక్కరోజులో కుదరలేదు. ఒక్కోదాని కోసం ఏళ్ళ తరబడి కష్టపడ్డారు.

నొక్కితే పుట్టే నిప్పు

సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు కింది భాగం పట్టుకుంటే వేడి తగులుతుంది కదా. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరు పట్టుకున్నది ఈ సంగతినే. గాలిని బాగా బిగించి నొక్కితే, స్పార్క్ ప్లగ్గు లేకుండా ఆ వేడికే ఆయిల్ అంటుకోవాలి అన్నాడు. 1893లో ఆగ్స్‌బర్గ్ ఊర్లో మొదటి ఇంజన్ మీద పరీక్షలు మొదలుపెట్టాడు. మరుసటి సంవత్సరం అది సొంతంగా తిరిగింది ఒక్క నిమిషం. సరిగ్గా పనిచేసే ఇంజన్ చూపించడానికి 1897 దాకా పట్టింది. అది సుమారు 20 హార్స్ పవర్ ఇంజన్. ఆయిల్‌లోని వేడిలో నూటికి 26 పాళ్ళు పనిగా మార్చింది. ఆనాటి మామూలు ఆవిరి ఇంజన్లకు అందులో సగం కూడా రాదు.

శెనక్కాయ పండించే మనకు ఇంకో ముచ్చట. 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఒక చిన్న డీజిల్ ఇంజన్ శెనక్కాయ నూనెతో నడిచింది. నూనె మార్చిన సంగతి చూసినవాళ్ళలో చాలామందికి తెలియనే లేదని తర్వాత డీజిలే రాశాడు. పాపం ఆయన 1913లో ఇంగ్లండుకు పోతూ రాత్రిపూట ఓడ మీది నుంచి మాయమయ్యాడు. తర్వాత శవం సముద్రంలో దొరికింది.

ఈ కథలో మనకు పనికొచ్చేది ఒకటుంది. నిప్పు పుట్టేది గాలి వేడికి. ఇంజన్ నిదానంగా తిరిగితే ఆ వేడి సిలిండర్ గోడలకే పోతుంది, రింగుల సందుల్లో గాలి జారిపోతుంది. అందుకే బ్యాటరీ కొంచెం వీకైనా లారీ "తిరుగుతుంది గానీ అందుకోదు". తప్పు పంపుది కాదు, తిప్పే వేగానిది.

డీజిల్ చుక్కను కొలిచి పంపడం

మొదటి ఇంజన్లు ఇంటి ఎత్తున ఉండేవి. డీజిల్‌ను లోపలికి ఊదడానికి వేరే గాలి కంప్రెసర్ పెట్టేవాళ్ళు. అంత బరువు లారీ మీద ఎక్కదు. 1920ల మధ్యలో జర్మనీలో డీజిల్ లారీలు బయటికి వచ్చాయి, 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులను ఫ్యాక్టరీలో వరసగా తయారు చేయడం మొదలుపెట్టింది. మన దేశంలో 1951లో మొదలైన మైకో కంపెనీ బాష్ పద్ధతిలోనే పంపులు, నాజిళ్ళు చేసింది. మన పాత లారీల పంపుల మీద ఆ పేరు చాలామంది చూసే ఉంటారు.

ఈ పంపులో ప్లంజర్‌కూ దాని గొట్టానికీ మధ్య సందు వెంట్రుకకన్నా చాలా సన్నం. మట్టి పడితే చెడుతుంది. గాలి చేరితే అసలు పనే చేయదు, ఎందుకంటే డీజిల్ నొక్కితే నొక్కుడు పడదు, గాలి పడుతుంది. ప్లంజర్ ఎంత తోసినా గాలి బుడగ స్ప్రింగులాగా ముడుచుకుంటుంది, నాజిల్ తెరుచుకోదు. ఎయిర్ పట్టింది అనేది దీన్నే. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపు లీకైతే డీజిల్ కింద కారకపోవచ్చు, లోపలికి గాలి మాత్రం లాగుతుంది. నేల తడిగా లేదని లీకు లేదనుకోకూడదు.

హ్యాండిల్ పోయి సెల్ఫ్ వచ్చింది

పాత పెట్రోల్ బండ్లను ముందునుంచి హ్యాండిల్ వేసి తిప్పేవాళ్ళు. ఇంజన్ వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. బొటనవేలు చుట్టకుండా మిగతా వేళ్ళ పక్కనే పెట్టి పట్టుకోవాలని పాత డ్రైవర్లు నేర్పేది అందుకే. రెండో ప్రపంచ యుద్ధం నాటి బొగ్గు బస్సులైతే ఇంకా కష్టం. ముందు పొయ్యి రాజేసి, గ్యాస్ తయారయ్యేదాకా కాచుకోవాలి.

అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అనే ఆయన దుకాణాల్లో డబ్బు లెక్కపెట్టే మెషీన్‌కు చిన్న కరెంటు మోటారు పెట్టాడు. రోజంతా తిరగాల్సిన మోటారైతే పెద్దది కావాలి, క్షణంసేపు బలం చూపేదైతే చిన్నదే చాలు అన్నది ఆయన ఆలోచన. అదే ఆలోచనతో చేసిన సెల్ఫ్ 1912 క్యాడిలాక్ కార్లలో వచ్చింది. ఇప్పటికీ మన లారీ సెల్ఫ్ అదే లెక్క. అది కొంచెంసేపటి బలం కోసం చేసింది. పది, పదిహేను సెకన్లకు మించి నొక్కి పట్టుకుంటే కాలిపోతుంది. మధ్యలో ఒక నిమిషం ఆపాలి.

మన బెంజి లారీ

1954లో టాటావాళ్ళు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969తో అయిపోయింది. నక్షత్రం గుర్తు పోయినా పెద్దవాళ్ళ నోట్లో "బెంజి లారీ" పేరు నిలిచిపోయింది. మద్రాసు వైపు అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఆ మొదటి బెంజి ఇంజన్లలో డీజిల్ ముందు ఒక చిన్న గదిలో మండి, తర్వాత సిలిండర్‌లోకి వస్తుంది. చలిలో ఆ గది వేడెక్కదు కాబట్టి హీటర్ ప్లగ్గులు పెట్టారు. తర్వాత వచ్చిన డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో చాలావాటికి వీటి అవసరం లేదు. మీ బండికి ఉన్నాయో లేవో ముందే తెలుసుకుని పెట్టుకోండి.

ఇక వెతికే వరస

ఖర్చు లేనిది ముందు, ఖర్చున్నది చివర.

1. హెడ్‌లైట్ వేసి సెల్ఫ్ నొక్కండి. లైటు ఆరిపోయేంత మసకైతే బ్యాటరీగానీ కనెక్షన్‌గానీ. టెర్మినళ్ళ మీది తెల్ల పొడి వేడినీళ్ళతో కడిగి, బిగించి, ఎర్త్ వైరు కూడా చూడండి. లైటు తగ్గకుండా సెల్ఫ్ మూగగా ఉంటే స్విచ్, వైర్లు చూడాలి.

2. స్టాప్ కేబుల్. బండి ఆపడానికి లాగే నాబ్ పూర్తిగా వెనక్కి పోయిందా, పంపు దగ్గర లివర్ కదిలిందా చూడండి. తుప్పుతో ఇరుక్కుంటే పంపు డీజిల్ పంపదు. మా పక్క ఊరాయన లారీకి టౌన్లో ఒక షెడ్డులో పంపు మొత్తం విప్పి బిగించారు, నాలుగు రోజులు పోయాయి. చివరికి తేలింది ఈ కేబులే. రెండు చుక్కల ఆయిల్‌తో పోయే పని.

3. ఇంజన్ తిరిగేటప్పుడు సైలెన్సర్ చూడండి. పొగే రాకపోతే డీజిల్ అందడం లేదు. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ అందుతుంది, మండడం లేదు.

4. పొగ లేకపోతే ట్యాంకు, ఫిల్టర్ చూసి ఎయిర్ తీయండి. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయేదాకా హ్యాండ్ ప్రైమర్ కొట్టి బిగించండి. తర్వాత పంపు స్క్రూ అట్లే. చివర నాజిళ్ళ దగ్గర నట్లు కొంచెం వదులు చేసి సెల్ఫ్ కొట్టండి, డీజిల్ రాగానే బిగించండి. నాజిల్ చిమ్మేచోట చెయ్యి పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూరుతుంది, వేలే తీసేయాల్సి వస్తుంది.

5. తెల్ల పొగైతే హీటర్ ప్లగ్గులు, తిరిగే వేగం, ఎయిర్ క్లీనర్ చూడండి. గాలి లాగేచోట గుడ్డ మంట పెట్టడం, హీటర్ వేసి ఈథర్ స్ప్రే కొట్టడం ప్రమాదం.

6. ఇవన్నీ బాగుంటేనే కంప్రెషన్, నాజిళ్ళు, పంపు. అక్కడినుంచి మంచి మెకానిక్ పని.

సెల్ఫ్ బలంగా తిప్పుతున్నా అందుకోని బండిని ట్రాక్టర్‌తో లాగి లాభం లేదు. బ్యాటరీ వీకైతేనే లాగుడు పనికొస్తుంది.

ఈ ఆరూ ఒక అట్టముక్క మీద రాసి క్యాబిన్‌లో పెట్టుకోండి. సీజన్‌కు వారం ముందే ఒకసారి స్టార్ట్ చేసి చూడండి. లోడు ఎత్తాక వెతకడంకన్నా అది మేలు.