పునాది దోష లక్షణములు: రేగడి నేలల యిండ్లు

ఇంటి భారమును నేల యంతటను సమముగా మోయుచున్నంతకాలము గోడలకు కీడు లేదు. ఒక మూల అధికముగా, వేఱొక మూల అల్పముగా క్రుంగినప్పుడో, నేల యుబ్బి పునాదిని పైకెత్తినప్పుడో, వంగజాలని గోడ బీటలు వారును. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతములందలి నల్లరేగడి యీ విషయమున అపకీర్తి నార్జించినది. అందలి మాంట్‌మొరిల్లనైటు ఖనిజము వానలకు నీరు పీల్చి యుబ్బుటయు, వేసవిలో నేల యెండి నెఱ్ఱెలు విచ్చుటయు ఏటేట జరుగుచుండును; ఈ చలనము సుమారు 3.5 మీటర్ల లోతువఱకు నుండునని యింజనీర్లు పరిగణింతురు గావున, మూడడుగుల గుంతలో రాయి పేర్చి కట్టిన పాత యిల్లు దానితోపాటు కదలుట వింత కాదు.

బీటలన్నియు పునాదివి కావు. క్రొత్త సిమెంటు పూతపై వలవలె వ్యాపించు సన్నని గీతలు పూత యెండుటవలనను, స్లాబు దిగువ అడ్డముగా సాగు గీత యెండకు స్లాబు వ్యాకోచించుటవలనను కలుగును. వీనికై పునాది త్రవ్వించుట వృథావ్యయము. పునాది చలనమున పుట్టు బీట తఱచుగా కిటికీ మూలనుండి బయలుదేరి, ఇటుకల అతుకుల వెంబడి మెట్లుమెట్లుగా ఏటవాలున ప్రాకి, గోడకు రెండువైపులను కనబడును. దాని వెడల్పే ముఖ్యసాక్షి: మీద విచ్చుకొని క్రింద సన్నగిల్లినచో ఇంటి చివరలును, క్రింద విచ్చుకొన్నచో నడిమి భాగమును క్రుంగినవని యూహింపవచ్చును. వేసవియందు ఇంటి వెలుపలి అంచుల మన్నే ముందెండును గనుక రేగడిలో మొదటి రకము తఱచు.

తలుపు ద్వారబంధమునకు రాచుకొనుట, గడియ తన రంధ్రమున కూడకపోవుట, గచ్చుకును గోడకును నడుమ సందు పడుట, వాకిటి మెట్లు ఇంటినుండి విడివడుట తోడి లక్షణములు. అయితే వానకాలమున కఱ్ఱ యుబ్బియు తలుపు బిగియును. బంధము మూలలను మూలమట్టముతో సరిచూచిన పిదపనే తీర్పు చెప్పవలెను.

బీటకు అడ్డముగా సన్నని గాజుపలకను రెండంచులందు సిమెంటుతో అంటించి, ప్రక్కన తేదీ వ్రాసి యుంచినచో, గోడ కదలగానే గాజు విఱుగును. వేసవిలో విచ్చి వానలకు మూసికొను బీట రేగడి చేష్ట. ఋతువులతో నిమిత్తము లేక పెరుగుచుండునది క్రుంగుబాటు. అట్టిచో పగిలిన నీటిగొట్టమును, గోడ ప్రక్కనున్న మురుగు గుంతను ముందుగా అనుమానింపవలెను. దాపుననే పెరిగిన రావి నేలలోని తేమను లాగివేయుటయు నొక కారణమే. పండుగ సున్నములకు బీటను పూడ్చి కప్పివేయుట మన యిండ్లలో పరిపాటి. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటిన బీటను అట్లు కప్పక, యింజనీరుకు చూపించుడు.