తేరిన నీరు, తేరుకున్న మనిషి

"తెలివొచ్చిందాండీ ఆయనకి?" అని కోనసీమలో ఎవరైనా అడిగితే నొచ్చుకోకండి. స్పృహ తప్పిన మనిషి కళ్లు తెరిచాడా అని వాళ్ల ఆరా. ర్యాంకుల తెలివి వేరు, ఈ తెలివి వేరు. ఇది మెలకువ.

మాట మూలం 'తెలి'. తెలుపు, తెల్లవారడం, తెలియడం ఒక్క ఇంటి పిల్లలే; తేట, తేరడం అర్థంలో వాటికి దగ్గరివే. తమిళంలో 'తెళి' అన్నా తేటపడటమే. సంస్కృతం చైతన్యం అన్నదాన్ని తెలుగు నీళ్లలో చూసింది. గోదారి ఒడ్డున అది సహజమే మరి!

వానాకాలం ఏటికి ఎర్రనీరు వస్తుంది. కుళాయిలు లేని రోజుల్లో ఆ నీటినే బిందెలకెత్తి, చిల్లగింజ అరగదీసి కలిపేవారు. కాసేపటికి ఒండ్రు అడుక్కి దిగేది, పైన తేటనీరు. గింజ గంధం కూడా మట్టితోపాటే అడుగంటేది. అజ్ఞానాన్ని తొలగించి జ్ఞానమూ తొలగిపోతుందనడానికి 'ఆత్మబోధ' అనే వేదాంత గ్రంథం ఈ గింజనే పోలిక తెచ్చింది. ఏ కొండ గుహలోనో కాదు, వంటింటి బిందెలో దొరికిన వేదాంతమది. నాకు నచ్చేది ఒకటుంది: తేరిన నీటిలో కొత్తగా చేరిందేమీ లేదు. ఉన్న నీరే కనబడుతోంది.

'తేరుకోవడం' అక్కడిదే. మూర్ఛ నుంచి, దుఃఖం నుంచి, అప్పుల నుంచి తేరుకుంటాం. 1986 ఆగస్టు గోదారి వరదకి మునిగిన లంకలు కూడా తేరుకున్నాయనే అంటాం, ముంచింది ఆ నీరే అయినా.