వడగళ్ళు, ఈదురుగాలుల నష్టం: నమోదు చరిత్ర

ఉరుముల గాలివాన ఎక్కడ ఎంత నష్టం చేసిందో నమోదు చేసి, ఆ గుర్తులను బట్టి దాని బలాన్ని అంచనా కట్టే పని వాతావరణ శాస్త్రంలో భాగం. వడగళ్ళు ఒక ఊళ్ళో పడి పక్క ఊరిని వదిలేస్తాయి, చూస్తుండగానే కరిగిపోతాయి. ఈదురుగాలి కూడా గాలివేగం కొలిచే పరికరం ఉన్నచోటే వీచాలని లేదు. అందువల్ల చాలాకాలం పరికరాల కన్నా విరిగిన చెట్లు, ఎగిరిపోయిన కప్పులు, నేలవాలిన పైర్లే సాక్ష్యం చెప్పాయి.

1877 జులై 31న అమెరికాలోని అయోవా రాష్ట్రాన్ని ఊడ్చుకుపోయిన గాలి సుడిగాలి కాదనీ, తిన్నగా సాగిన గాలి అనీ శాస్త్రజ్ఞుడు గుస్టావస్ హిన్‌రిక్స్ తేల్చాడు. 1888లో అలాంటి గాలులకు ‘డెరేచో’ అని పేరు పెట్టాడు. ఆ మాటను సుమారు వందేళ్ళపాటు ఎవరూ పట్టించుకోలేదు. అదే 1888లో, ఏప్రిల్ 30న, ఉత్తర భారతంలోని మొరాదాబాద్ దగ్గర వడగళ్ళు 246 మందిని బలిగొన్నాయి. వడగళ్ళ మరణాల్లో ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించిన రికార్డు నేటికీ ఇదే.

అమెరికా వాతావరణ శాఖ వద్ద వడగళ్ళ, ఈదురుగాలుల జాబితా 1955 నుంచి వరుసగా ఉంది. అయితే అందులో గాలివానలతోపాటు మనుషుల అలవాట్లూ నమోదయ్యాయి. చూసినవాళ్ళు వడగళ్ళను నాణేలతో, గోల్ఫ్ బంతితో పోల్చి చెప్పడంతో లెక్కలన్నీ ఆ కొలతల దగ్గరే పోగుపడ్డాయి. జనం తక్కువగా ఉన్నచోట వడగళ్ళూ తక్కువ పడినట్టే కనిపిస్తుంది! ఈ లోపాన్ని కొంత తీర్చింది అల్యూమినియం రేకు చుట్టిన నురుగు పలక. దాన్ని ఆరుబయట పెడితే వడగళ్ళు కరిగిపోయినా సొట్టలు మిగులుతాయి. వాటి సైజును బట్టి వడగళ్ళ సైజు కట్టవచ్చు.

ఈ చరిత్రలో పెద్ద మలుపు వాతావరణ శాస్త్రజ్ఞుడు టెట్సుయా ఫుజిటాది. 1945లో అణుబాంబు పడ్డ హిరోషిమా, నాగసాకిల్లో నష్టాన్ని పరిశీలించినప్పుడు, పేలుడు కేంద్రం నుంచి చెట్లు నలువైపులా బయటికి ఒరగడం ఆయన చూశాడు. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో చేరాడు. 1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో 148 టోర్నడోలు విరుచుకుపడ్డాక విమానంలో తిరిగి చూస్తే, కొన్నిచోట్ల చెట్లు సుడి తిరిగినట్టు కాక అదే తీరున పడి ఉన్నాయి. మేఘం నుంచి గాలి నిట్టనిలువుగా దిగి, నేలను తాకి చుట్టూ చిమ్మిందని ఆయన ఊహించాడు. మరుసటి ఏడాది జూన్ 24న న్యూయార్క్‌లో దిగబోతున్న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి 113 మంది చనిపోయారు. కారణం ఈ గాలేనని ఫుజిటా వాదించాడు. తోటి శాస్త్రజ్ఞుల్లో చాలామంది నమ్మలేదు. 1978లో షికాగో పరిసరాల్లో, 1982లో డెన్వర్ దగ్గర డాప్లర్ రాడార్లతో చేసిన పరిశోధనలు ఆయన మాటే నిజమని తేల్చాయి. ఆ తర్వాత విమానాశ్రయాలకు ప్రత్యేక రాడార్లు వచ్చాయి.

తీవ్రమైన వడగళ్ళుగా లెక్కించడానికి ఉండాల్సిన కనీస వ్యాసాన్ని అమెరికా 2010 జనవరిలో ముప్పావు అంగుళం నుంచి అంగుళానికి పెంచింది. అంతకుముందు, ఆ తర్వాత అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అదే ఏడాది జులై 23న దక్షిణ డకోటాలోని వివియన్‌లో 20 సెంటీమీటర్ల వ్యాసం, సుమారు 880 గ్రాముల బరువు ఉన్న వడగల్లు పడింది. 2013 నాటికి అమెరికా వాతావరణ శాఖ రాడార్లన్నీ అడ్డంగా, నిలువుగా కూడా తరంగాలు పంపే పద్ధతికి మారడంతో వానచినుకులకూ వడగళ్ళకూ తేడా పట్టడం సులువైంది.

2020 ఆగస్టు 10న డెరేచో మళ్ళీ అయోవా మీద విరుచుకుపడినప్పుడు నేలవాలిన మొక్కజొన్న చేలు ఉపగ్రహ చిత్రాల్లో స్పష్టంగా కనిపించాయి. అయినా ఆనాటి అత్యధిక వేగంగా చెప్పే గంటకు 225 కిలోమీటర్లు ఏ పరికరమూ కొలిచింది కాదు. సీడార్ రాపిడ్స్‌లో దెబ్బతిన్న ఒక అపార్ట్‌మెంట్ సముదాయాన్ని చూసి కట్టిన అంచనా.