పరుపు పల్లమేల పడును?

“ఆకలి రుచి యెరుగదు, నిద్ర సుఖ మెరుగదు” అని పెద్దలమాట. పగలంతయు పొలమున పాటుపడిన కాపునకు గట్టుమీది గడ్డియే పట్టుపరుపు. అయినను వయసు చెల్లినవారికిని, మంచము పట్టినవారికిని ఈ మాట చెల్లదు. వారి నిద్ర సుఖమును బాగుగనే యెరుగును. కావున నేటి ప్రసంగమునకు, ప్రతియింట నుండియు చరిత్ర యడుగువారు లేని యొక వస్తువును గైకొంటిని. అది పరుపు. కుట్టించిన నాడు నిండుచెరువువలె మట్టముగా నుండు పరుపు, నాలుగేండ్లకు నడుమ పల్లమై అంచులు గట్లగుట యేల? దానికి మనుష్యుడు కనుగొనిన విరుగుడేమి? ఈ రెంటిని గూర్చి ముచ్చటించెదను.

నాకీ ప్రశ్న గ్రంథములలో పుట్టలేదు. 1972లో, నాకు పండ్రెండవ యేడు నడచుచుండగా, మా నాయనగారికి పక్షవాతము వచ్చెను. ఏడాదికి పైగా వారొకే పరుపుపై నుండిరి. తుంటిక్రింద దూది దిగబడి గుంట యయ్యెను. ఆ గుంటలోని దూది బండవలె గట్టిపడెను. నడుముక్రింద చర్మము కమిలి పుండ్లు పడసాగెను. వైద్యుడు చూచి, “మందు వ్రాసెదను గాని, ముందు పరుపు సంగతి చూడుడు” అనెను. క్రొత్తది కొను స్తోమత మాకు లేదు. మా అమ్మ దూదేకుల సాయిబునకు కబురంపెను.

ఆయన విల్లు భుజమున వేసికొని తెల్లవారక మునుపే వచ్చెను. నాయనగారిని చాపమీదికి మార్చి, పెరటి వేపచెట్టుక్రింద పరుపు కుట్లు విప్పెను. లోపలి దూది ఉండలుకట్టి, నలుపెక్కి, చెమటవాసన కొట్టుచుండెను. “ఇది పాడైపోయిందా తాతా? పారేయాల్సిందేనా?” అని యడిగితిని. ఆయన నవ్వి, “పాడు కాలేదు చినబాబూ. దూది చావలేదు, పడుకుంది. లేపితే లేస్తుంది” అనెను.

ముందుగా ఉండలను ఎండలో పరచి బెత్తముతో కొట్టెను. పిమ్మట వింటినారిని దూదిలో ముంచి, కొయ్యతో ఆ నారిని మీటసాగెను. నారి అదురునప్పుడెల్ల చిక్కుకొనిన పోగులు విడిపోయి, ధూళి క్రిందికి రాలి, తేరిన దూది పైకెగసెను. సాయంకాలమునకు పిడికెడు ఉండ గంపెడు దూది యయ్యెను. రాలిన దానికి బదులుగా కొంచెము క్రొత్త దూది కలిపి, తుంటి ఆను చోట రెండు దోసిళ్లు హెచ్చువేసి, టాకాలు వేసి యిచ్చెను. ఆ రాత్రి మా నాయనగారు మూలుగక నిదురించిరి. పుండ్లు మానుటకు మూడు నెలలు పట్టెను గాని, క్రొత్త పుండు పుట్టలేదు.

సాయిబు మాటలోని సత్యము నాకు పెద్దయైన పిమ్మట బోధపడినది. దూదిపోగు ఒక సన్నని గొట్టము. కాయ పగిలి యెండ తగులగానే అది చదునై, మెలికలు తిరిగిన నాడావలె నగును. పొడవు ఇంచుమించు అంగుళము. ఏకిన దూదిలో ఈ మెలికలు పోగునకును పోగునకును ఎడము కల్పించి, నడుమ గాలిని నిలుపును. పరుపని మనము పిలుచునది చాలవరకు గాలియే. బరువు పడినపుడు పోగులు వంగి, ఒండొంటిపై జారును, గాలి వెడలిపోవును. మనము లేచినపుడు కొన్ని పోగులు తామును లేచును. కొన్ని చిక్కుకొని యట్లే యుండును. ఆ కొంచెమే రాత్రిరాత్రికి పేరుకొని పల్లమగును.

దీనికి తేమ తోడగును. దూది గాలినుండియే తన బరువులో నూటికి ఏడెనిమిదిపాళ్ల తేమను పట్టియుంచును; చెమటతో నది హెచ్చును. తేమ తగిలిన పోగు మెత్తబడి వంగును. ఆరునపుడు ఆ వంపునే నిలుపుకొనును. నీళ్లు చిలికి ఇస్త్రీ చేసిన పంచెకు మడత నిలుచునట్టిదే యిది. మఱియు మనుష్యుని బరువు పడకయంతట సమముగా పడదు. తుంటిక్రిందను, భుజములక్రిందను హెచ్చు. దూది అచ్చట అణగుటయే గాక ప్రక్కలకు జరుగును. ఆ జరుగుడును ఆపుటకే టాకాలు. బూరుగుదూది తీరు వేరు. దాని పోగున బోలు హెచ్చు, పైన మైనపుపూత యుండుటచే నీరంటదు. మెత్తదనమున దానికి సాటిలేదు గాని, పోగు పెళుసగుటచే విరిగి నుసి యగును.

పడక అణగుట యను చిక్కు నేటిది కాదు. దక్షిణాఫ్రికాలో నటాల్ సీమ కలదు. 1860 మొదలు మన తెలుగువారును చెరకుతోటల కూలికై అచ్చటికి వలసపోయిరి. ఆ సీమలోని సిబుడు అను కొండచరియలో 77,000 ఏండ్లనాటి పడక బయల్పడినదని శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిరి. ఆ పడక దేనితో చేసినదనుకొంటిరి? తుంగతో! మన యిండ్లలోని తుంగచాపకు అది యెంత దూరపు చుట్టమో చూడుడు. తుంగపై పురుగులను తోలు నొక జాతి ఆకులను పరచిరి. పాతది నలిగినపుడు దానిపై క్రొత్తది వేసిరి. 73,000 ఏండ్లనాటినుండి పాతపడకను కాల్చి, ఆ బూడిదపై క్రొత్తది పరచుట తరచైనది. అనగా నాటి మనుష్యుడును పడక అణగునని యెరిగి, దానిని మార్చుకొను పద్ధతిని ఏర్పరచుకొనెను.

మన దేశమున దూదిపడక ప్రాచీనము. బౌద్ధభిక్షువుల నియమములను చెప్పు వినయపిటకమున, మంచముపై దూదిపరుపు కూర్పించుకొనిన భిక్షువు ఆ దూదిని పెరికివేసి, పిమ్మట దోషము నొప్పుకొనవలెనని విధింపబడినది. చెట్టుదూది, తీగదూది, గడ్డిదూది యని మూడు విధములను అచ్చట పేర్కొనిరి. తలగడకు మాత్రము దూది నిషిద్ధము కాదు. కావ్యములలోని రాజులకు హంసతూలికాతల్పము లుండెను. అనగా హంస యీకలు కూరిన పరుపులు.

అణగిన దూదిని లేపు విద్యయే మన యొద్ద నొక జనమునకు పేరైనది. దూదేకులవారు, నూర్‌బాషాలు, లద్దాఫులు, పింజారులు అని వీరిని పిలుతురు. ఇస్లాము మతస్థులయ్యు వీరిలో ననేకుల యింటిభాష తెలుగే. లద్దాఫు అను పేరు, దూది ఏకువాడను అర్థముగల నద్దాఫ్ అను అరబ్బీ పదమునుండి వచ్చినది. పోతులూరి వీరబ్రహ్మముగారి ప్రియశిష్యుడైన సిద్ధయ్య దూదేకుల యింటివాడే.

పాశ్చాత్యులు ఈ పల్లమును మరియొక త్రోవ నెదుర్కొనిరి. 1900 ప్రాంతమున కెనడాలో జేమ్స్ మార్షల్ అను యంత్రనిపుణుడు, ఒక్కొక్క ఉక్కుచుట్టను ఒక్కొక్క గుడ్డసంచిలో నుంచి పరుపు చేసెను. 1929లో ఇంగ్లాండున డన్‌లప్ వారు రబ్బరుపాలను చిలికి నురుగుపరుపునకు దారి తీసిరి. 1937లో జర్మనీలో ఆటో బేయర్ కనుగొనిన పాలీయురిథేన్ నుండి నేటి అంగళ్ల ఫోము పుట్టినది. 1966లో చార్లెస్ యోస్ట్ అమెరికా అంతరిక్షసంస్థ నాసా కొరకు, ఒత్తిన రూపమును మెల్లగా విడుచు ఫోమును చేసెను. ఇవి దూదికన్న ఆలస్యముగా అణగవచ్చును గాని, అణగక మానవు. నురుగులోని గాలియరల గోడలు వేలమారులు వంగి, అలసి, చిట్లును. ఉక్కుచుట్ట నిలిచినను దానిపైని పొరలు కుంగును.

నేనును పదేండ్లక్రిందట నొక ఫోముపరుపు కొంటిని. ఆరేండ్లకు గుంట పడినది. అంగడివానిని అడుగగా, “ఇది విప్పి బాగుచేసేది కాదు మాష్టారూ, పారేసి కొత్తది కొనుక్కోవడమే” అనెను. సాయిబుతాత మనుమడు నేడు మా యూర ఆటో నడుపుచున్నాడు. విల్లు వారి అటుకమీద నున్నది. “తాత పని మాకు రాలేదండీ” అని యతడన్నపుడు నా మనస్సు చివుక్కుమన్నది. అతడు మా బడిలో చదువునాడు, “విల్లు వద్దు, పుస్తకము పట్టు” అని బోధించినవాడను నేనే. ఆ మాట తప్పని నేటికి ననను. దూదిధూళి ఊపిరితిత్తులకు కీడు. ఆ వృద్ధుడు కడపటి యేండ్లలో దగ్గుచునే బ్రదికెను. కాని పని వద్దంటినే గాని, ఆ యెరుక నెవరు నిలుపవలెనో నేను తలపలేదు.

కావున పెద్దలారా, దూదిపరుపు గలవారు నెలకొకమారు తల కాళ్లవైపునకు త్రిప్పుడు, రెండు ప్రక్కలను ఎండబెట్టుడు. ఉండకట్టిన దూదిని పారవేయక, ఏకు యంత్రమున్న చోటికి పంపుడు. ఫోముపరుపును త్రిప్పవచ్చును గాని మండుటెండలో నుంచరాదు, ఎండకది పెళుసగును. క్రొత్తది కొనునపుడు, ఇది పల్లము పడునా యని యడుగుట వ్యర్థము, అన్నియు పడును. పడిననాడు దీనిని లేపువారెవరని యడుగుడు.